చిత్తకార్తె గాలీ కాదు

మా గల్లీల ఒక కుక్క ఉంటది. గోధుమ రంగుది. పిల్లలు భూరీ అని పిలుస్తరు. పోయిన అక్టోబర్‌ల ఒకరోజు ఫజర్ నమాజ్ చదివి వచ్చేసరికి మా గేటు ముందర నెత్తుటి చుక్కలున్నయి. బడికి తయారైతున్న నా బిడ్డ చూసి గాబరా పడ్డది.

"అబ్బా, భూరీని ఎవరన్న కొట్టిండ్రా?"

"లేదు బేటా."

"మరి నెత్తురెందుకొస్తుంది?"

జవాబు తెలిసీ తెలవనట్టు ఉన్నది. షర్మ్ అడ్డమొచ్చింది. "బస్సొస్తది, నడువ్" అన్న.

సాయంత్రానికి భూరీ ఎనుక ఆరేడు మగకుక్కలు. అది తోక కాళ్లల్ల పెట్టుకొని గుర్రుమంటుంది, గోడ మూలకు కూసుంటుంది. పోరగాండ్లు రాళ్లు ఇసురుతుండ్రు. "చిత్తకార్తె కుక్కలు, థూ" అని ఒక పెద్దాయన ఉమ్మేసిండు.

ఆ లఫ్జ్ నాకు కొత్త కాదు. నా చదువు ఉర్దూ మీడియంల. తెలుగు గాలీలు ఆదిలాబాద్ గల్లీలల్ల నేర్చుకున్న. తెలుగుల డిగ్రీ చేసినంక వాటిని నుడికారం అని ఇజ్జత్‌గ పిలుచుడు నేర్చుకున్న. ఒకసారి ఒక నేరం వార్తల నిందితుల గురించి ఆ మాటనే రాసిన. డెస్కుల ఎవ్వరూ కొట్టెయ్యలే.

ఆ రాత్రి కోరుట్ల పశువైద్య కాలేజీల చదివిన దోస్త్‌కు ఫోన్ చేసిన. "ఆడమనిషి హైజ్, ఇదీ ఒకటే అనుకోకు" అన్నడాయన. మనిషికి గర్భం నిలువకపోతే గర్భసంచి పొర జారి నెత్తురొస్తది. కుక్కకు ఉల్టా. అండం విడుదల కాకముందే, గర్భసంచి తయారైతున్నప్పుడే వస్తది. ఆ వారం, పది రోజులు వాసనకు మగకుక్కలు ఎగబడతయి గని ఆడకుక్క దగ్గరికి రానియ్యదు. తర్వాత నెత్తురు పలుచనైతది, రంగు తగ్గుతది. అప్పుడే అది తోక పక్కకు జరిపి రాజీ అయితది. అదింకో వారం, పది రోజులు.

"ఇంట్ల సాదుకునేటోళ్లు ఇక్కడ్నే గల్తీ చేస్తరు. నెత్తురు తగ్గిందని బయటికి ఇడుస్తరు. అసల్ కడుపు నిలిచేది అప్పుడే. మూడు వారాలు దాటేదాక కంట్ల పెట్టుకోవాలె" అన్నడు.

కడుపైతే ఇంచుమించు 63 రోజులకు ఈనుతది. కాకున్నా రెండు నెలలు ఒంట్ల అదే హార్మోన్ నడుస్తది. అందుకే కొన్ని ఈనకుండనే పాలు చేపుతయి, చెప్పును పిల్ల లెక్క ఒళ్లె పెట్టుకుంటయి. తర్వాత నాలుగైదు నెలలు ఒళ్లు ఆరాం తీసుకుంటది. మళ్లా మొదలు. ఆపరేషన్ కాని కుక్కకు వయసు పెరిగితే ఎదకొచ్చిపోయిన కొన్ని వారాలకు గర్భసంచిల చీము పట్టే ఖత్రా ఉంటది. తిండి మానేసి ఊకె నీళ్లు తాగుతుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దన్నడు. ఎద ఆపుతందుకు ఇచ్చే ఇంజక్షన్లతోటి ఈ ఖత్రా ఇంకా పెరుగుతదట.

రాళ్ల సంగతి చెప్పిన. ఆయనకు గుస్సా వచ్చింది. జోడు కట్టినప్పుడు మగదాని అంగం లోపల ఉబ్బుతది. పావుగంటో, అరగంటో అవి విడిపోదామన్నా విడిపోలేవు. కొట్టి గుంజితే రెండింటికీ లోపల చీరుకపోతది. మనం తమాషా చూసేది వాటి మజ్బూరీని.

చిత్తకార్తె అంటే అక్టోబర్ రెండో వారంల మొదలయ్యే పక్షం రోజులు. ఇంటి కుక్క ఏ నెలలనైనా ఎదకొస్తది గని, మన దిక్కు గల్లీ కుక్కల జోర్ వానలు ఎనుకబట్టినంకనే. రైతులు చూసి చెప్పిన మాట సహీ. దాన్ని గాలీ చేసింది మనం.

ఇషా తర్వాత బిడ్డను, భార్యను కూసోబెట్టుకొని ఇదంత చెప్పిన. నా చిన్నప్పుడు రంజాన్‌ల ఆపా ఒక్కోరోజు చాటుకు అన్నం తినేది. ఎందుకు రోజా లేదని అడిగితే అమ్మీ కండ్లురిమేది. ఆ ఖామోషీనే నేను పొద్దున నా బిడ్డకు ఇయ్యబోయిన. ఆమెకు పదమూడేండ్లు.

అంత విని ఒక్కటే అడిగింది. "వద్దని భూరీ గుర్రుమంటుంది కదా అబ్బా, మరి రాళ్లు దానికెందుకు?"

తెల్లారి గేటు బయట నీళ్ల గిన్నె పెట్టింది. నాపాక్ జానవర్ అని అమ్మీ గునిసింది. ప్యాసీ కుక్కకు తన జోడుతోటి నీళ్లు తోడి తాపిన బద్‌నామ్ ఆడమనిషిని అల్లా మాఫ్ చేసిండని బుఖారీ షరీఫ్‌ల ఉన్న హదీస్ యాది చేసిన. అమ్మీ కొద్దిసేపు ఊకుండి, "గిన్నె వేరే పెట్టుండ్రి" అన్నది.

డిసెంబర్ చలిల భూరీ ఐదు పిల్లలను ఈనింది. రెండే బతికినయి. అవి పాలు మరిచినంక కుక్కల బండి వచ్చి భూరీని తీసుకపోయింది. గల్లీ అంత ఇగ రాదనుకున్నది. కానీ 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా ఏసి, పట్టిన జాగలనే ఇడిసిపెట్టాలె. అట్లనే ఇడిసిండ్రు. చెవి కొసన చిన్న కోత ఉన్నది.

ఈ అక్టోబర్ వచ్చింది. భూరీ ఎనుక ఒక్క కుక్క లేదు, ఒక్క రాయి లేదు. గేటు నీడకు పండుకుంటుంది.

నా వార్త ఉన్న పేపర్ మాత్రం ఎక్కడో ఒక ఫైల్‌ల అట్లనే ఉన్నది.