బూడిద బొగ్గు – మా లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. ఇదే హాస్టల్ అన్నం తిని పెరిగిన మేమిద్దరం ఇప్పుడు ఎం.టెక్.లో చేస్తున్న పని గురించే రాస్తున్నాం. మా రెండిళ్లలోనూ డిగ్రీ చదివినవాళ్లలో మేమే మొదలు. బి.టెక్. కాగానే ఎర్రగుంట్లలో ఏదో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరివుంటే ఈపాటికి ఇంటికి రెండేళ్ల జీతం వచ్చేది. అది వదులుకుని ఏం చదువుతున్నామో ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మాకుంది.

మా అంశం ఫ్లూయిడైజ్డ్ బెడ్ రియాక్టర్‌లో బొగ్గును గ్యాసుగా మార్చడానికి గణిత నమూనా తయారుచేయడం. ఈ మాట వినగానే మాలో ఒకరి నాయన, "అయితే పొయ్యి యాడ పెట్టినార్రా?" అన్నాడు. కంప్యూటర్‌లో అన్నాం. "కంప్యూటర్‌లో బొగ్గు కాలుతాదా?" అని నవ్వినాడు.

బొగ్గు మనకు కొత్త కాదు. మన కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో 1994లో 210 మెగావాట్లతో మొదటి యూనిట్ మొదలైంది. ఆరో యూనిట్‌తో కలిపి అది 1650 మెగావాట్లయింది. అక్కడ బొగ్గును పూర్తిగా మండిస్తారు. మేము చదివే పద్ధతిలో గాలి తక్కువగా ఇచ్చి, నీటి ఆవిరి కలుపుతారు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. వాటితో కరెంటు, మిథనాల్, ఎరువులకు కావాల్సిన అమ్మోనియా తయారు చేయవచ్చు.

చిక్కంతా బూడిదతోనే. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిద ఉంటుంది. వేడి మితిమీరితే అది మెత్తబడి గడ్డ కడుతుంది. దాన్నీ క్లింకర్ అనే అంటారు. సిమెంటు బట్టీకి సుమారు 1450 డిగ్రీల దగ్గర క్లింకర్ కావాలి, మా రియాక్టర్‌లో మాత్రం అది రాకూడదు. బొరుగులు వేయించే బట్టీలో ఇసుక చూశారు కదా! అలాంటి పడక కింది నుంచి గాలి ఊదితే రేణువులన్నీ మరిగే నీళ్లలా కదులుతాయి. వేడి అంతటా సమానంగా పరుచుకుంటుంది. దాన్ని సుమారు 1000 డిగ్రీల లోపే ఉంచవచ్చు. జర్మనీలో వింక్లర్ 1920లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. హైదరాబాద్‌లో బి.హెచ్.ఇ.ఎల్. ఇదే పద్ధతిలో మన బూడిద బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్లాంటును 2021లో నడిపి చూపింది.

మా నమూనా అంటే వార్డెన్ గారి స్టాకు రిజిస్టరు లాంటిదే. రియాక్టర్‌ను అడ్డంగా చిన్న చిన్న అరలుగా విడదీస్తాం. ప్రతి అరలోకి ఎంత వచ్చింది, ఎంత మారింది, ఎంత పోయింది, వేడి ఎంత అని రాసుకుంటాం. గాలి పెంచితే వేడి పెరుగుతుంది, కానీ గ్యాసులో మండే సత్తువ తగ్గుతుంది. ఆవిరి పెంచితే హైడ్రోజన్ పెరుగుతుంది, వేడి తగ్గుతుంది. రెండింటి మధ్య ఎక్కడ నిలవాలో లెక్క చెబుతుంది. కోట్ల రూపాయల రియాక్టర్ కట్టకముందే ఇది తెలియడం నాయన ప్రశ్నకు మా జవాబు. అయితే నిజమైన ప్లాంటులో తీసిన కొలతలతో సరిపోలే దాకా మా లెక్క లెక్కే, నిజం కాదు.

ఇంకొకరి అమ్మ, "గ్యాసు తీస్తే బూడిద మాయమైతాదా?" అని అడిగింది. కాదమ్మా, గ్రాము కూడా మాయం కాదు. ఆ బూడిదలో కాలని బొగ్గు ఎంత మిగిలిందన్నదే మా రిజిస్టరులో చివరి గడి. అది ఎంత తగ్గితే పని అంత బాగున్నట్టు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ పనికి పునాది మీ పదో తరగతి లెక్కలూ, రసాయన సమీకరణాలే. సెలవులకు వచ్చినప్పుడు హాస్టల్‌కు వస్తాం. రాని లెక్కలు దాచిపెట్టుకుని అడగండి, కూర్చుని చేద్దాం.