కావలెను: పాత పంచె

తడిగుడ్డను వెచ్చబెట్టే యంత్రం ఒకటుంటుందని ఈ ఏడాది దాకా నాకు తెలీదు. పసిపిల్లల్ని తుడిచే వైప్స్ చల్లగా తగిలితే బిడ్డ ఉలిక్కిపడుతుందట. అందుకని వాటిని ఎప్పుడూ గోరువెచ్చగా ఉంచడానికి ఒక కరెంటు పెట్టె. న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ కూతురు పంపిన ఎక్సెల్ షీట్లో దాని ఎదురుగా 'తప్పనిసరి' అని ఉంది, పైగా పచ్చరంగు పూసి. అక్కడ జనవరిలో మంచు కురుస్తుంది, వాళ్ల బాధ వాళ్లది. మా ఆవిడకు నెలలు నిండేది మే నెలలో, అదీ హైదరాబాదులో, అదీ అయిదంతస్తుల భవనంలో ఆఖరి అంతస్తులో. మేలో మిట్టమధ్యాహ్నం మా కుళాయి తిప్పితే వచ్చే నీళ్లకు చెయ్యి చురుక్కుమంటుంది. మాకు కావలసిందల్లా వైప్స్‌ని చల్లబరిచే పెట్టె.

అక్కను ఏమీ అనను. ప్రేమతోనే పంపింది. ఆ షీట్ తనకు ఇంకెవరో పంపారు, వాళ్లకు మరెవరో. చేతులు మారినప్పుడల్లా నాలుగు వరసలు పెరిగాయే తప్ప, ఒక్క వరసైనా కొట్టేసిన పుణ్యాత్ములు లేరు. తొలి కాన్పుకు ఎదురుచూసే ఇంట్లో "ఇది అవసరమా?" అని అడిగినవాడు పిసినారి కింద లెక్క. అందుకే అందరూ తలూపుతారు, షీట్ పొడుగవుతుంది.

అందులో బేబీ మానిటర్ ఒకటి. బిడ్డ ఒక గదిలో, తల్లిదండ్రులు ఇంకో గదిలో పడుకున్నప్పుడు ఏడుపు వినిపించడానికి. మాది రెండు పడకగదుల ఫ్లాటు. పక్కింటి కుక్కరు ఎన్ని కూతలు వేసిందో మా హాల్లో కూర్చుని చెప్పగలం. ఇక్కడ పసిబిడ్డ ఏడుపు వినపడకపోవడమే జరిగితే ఆ రోజు కొబ్బరికాయ కొట్టాలి. అయినా బిడ్డను కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, విడిగా, గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది. మన ముసలమ్మలు చెప్పేదీ దాదాపు అదే. కాకపోతే తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు పెట్టమంటారు. దిండు వద్దు. అక్కడ మాత్రం నేను డాక్టర్ల పక్షం.

ఒక ఆదివారం ఇద్దరం కలిసి కూకట్‌పల్లి వైపు ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం, ఊరికే చూసొద్దామని. గుమ్మంలోనే ఒక కుర్రాడు ఎదురొచ్చి "ఫస్ట్ బేబీనా సార్?" అన్నాడు. అవునన్నాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. పాలసీసా కడిగే బ్రష్ చూపిస్తే దాన్ని ఆరబెట్టే స్టాండు చూపిస్తాడు, స్టాండు చూస్తే సీసాలు కాచే స్టెరిలైజరు చూపిస్తాడు. ఈలోగా చంకలో పిల్లాడు, కడుపులో ఇంకొకరు ఉన్న ఒకావిడ చరచరా వచ్చి, రెండు నూలు చొక్కాలు, ఒక డైపర్ల కట్ట తీసుకుని, బిల్లు కట్టి వెళ్లిపోయింది. ఆవిడ వెంట ఒక్క కుర్రాడూ పడలేదు. ఆవిడ జాబితా ఎవరైనా పంపి ఉంటే బాగుండేది.

పాలసీసా సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన దేశంలో 1992లో వచ్చిన చట్టం ప్రకారం డబ్బా పాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడం నేరం. శాంపిళ్లు, బహుమతులు పంచడమూ నేరమే. 2003లో దాన్ని సవరించి రెండేళ్లలోపు పిల్లల ఆహారం మొత్తానికి వర్తింపజేశారు. అందుకే మీకు టీవీలో సబ్బులు కనిపిస్తాయి, డైపర్లు కనిపిస్తాయి, పాలసీసా కనిపించదు. సీసా గురించి చెప్పలేరు కనుక సీసా చుట్టూ ఉన్న సరంజామా అంతటి గురించీ చెబుతారు. మా అత్తగారు ఎలాగూ బారసాలకు వెండి ఉగ్గుగిన్నె తెస్తారు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దంటున్నారు డాక్టర్లు. ఆ గిన్నె బీరువాలో ఉంటుంది, ఉండనీ.

కోపం వచ్చింది మాత్రం స్ట్రోలర్ దగ్గర. నాలుగు చక్రాలు, పైన గొడుగు, కాఫీ కప్పు పెట్టుకునే గూడు, ధర ఇరవై రెండు వేలు. ఎక్కడ తొయ్యాలి దాన్ని? మా వీధి చివర ఫుట్‌పాత్ మొదలవుతుంది. మొదలైన పది అడుగులకు ట్రాన్స్‌ఫార్మరు. దాన్ని తప్పుకుంటే పునుగుల బండి. తర్వాత వరసగా నిలిపిన బైకులు. ఆ పైన పలక లేచిపోయి నోరు తెరుచుకున్న మురుగుకాల్వ. అసలు ఆ ఫుట్‌పాత్ ఎక్కాలంటేనే మోకాలు ఎత్తి ఎక్కాలి. కర్ర పట్టుకుని నడిచే పెద్దాయనకు అది ఎందుకూ పనికిరాదు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇక పసిబిడ్డ బండి! మన ఊళ్లో స్ట్రోలర్లు తిరిగేది మాల్‌లోనే. డిక్కీలో పెట్టి తీసుకెళ్తారు, నున్నటి నేల మీద తోస్తారు, మళ్లీ డిక్కీలో పెడతారు. చూడండి కావాలంటే, తోస్తున్నంతసేపూ బిడ్డ నాన్న భుజం మీదే ఉంటుంది, స్ట్రోలర్‌లో షాపింగ్ సంచులు కూర్చుని ఉంటాయి. ఇరవై రెండు వేలు ఆ దుకాణంవాళ్లకు కాదు, మునిసిపాలిటీవాళ్లకు ఇస్తాను, మా వీధిలో ఆ కాల్వ మీద ఒక్క పలక వేయిస్తామంటే.

అమ్మేవాళ్లు కానివాళ్లు రాసిన జాబితాలు ఎలా ఉంటాయో చూడాలనిపించింది. తెలంగాణలో 2017లో సర్కారు దవాఖానాల్లో కాన్పయిన తల్లులకు కేసీఆర్ కిట్ ఇవ్వడం మొదలుపెట్టారు. 16 రకాల వస్తువులు. బిడ్డకు బట్టలు, పక్క, దోమతెర, సబ్బు, నూనె, తల్లికి చీరలు. అంతకు రెండేళ్ల ముందు తమిళనాడులో అమ్మ పేరుతో ఇచ్చిందీ 16 వస్తువులే. ఫిన్లాండులో అయితే 1938 నుంచి ఇస్తున్నారు. మొదట బీద తల్లులకు, 1949 నుంచి అందరికీ. ఒక అట్టపెట్టె నిండా బట్టలు, అడుగున చిన్న పరుపు. బట్టలు తీసేశాక ఆ పెట్టే బిడ్డకు పక్క. షరతు ఒకటే, నాలుగో నెల దాటకముందే తల్లి వైద్య పరీక్షకు వెళ్లాలి. అక్కడి చలి అంతా ఇంతా కాదు, అయినా ఆ పెట్టెలో సరిపెట్టుకున్నారు. మా అక్క షీట్ ఇంకా కిందికి లాగుతూనే ఉన్నాను.

మా అత్తగారి దగ్గర అసలు జాబితాయే లేదు. "బాబూ, మీరు ఏదైనా కొనండి, బిడ్డ పుట్టాక కొనండి" అన్నారు. పుట్టని బిడ్డకు పూసలు కట్టకూడదని ఆవిడ పట్టు. పుట్టిన పిల్లల్లో బతికేవాళ్లు కొందరే అయిన కాలంలో, ఖాళీ ఉయ్యాలను చూస్తూ కూర్చోవలసిన తల్లుల కోసం ఎవరో పెట్టిన నియమం అది. దాన్ని చాదస్తమని కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు. పైగా జేబుకు మంచిది. పుట్టాక తేవలసినవి గంటలో తెప్పించుకోవచ్చు, థర్మామీటరుతో సహా.

ఒక్కదానికి మాత్రం ఆవిడ మాట దాటాను: కారు సీటు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజుకే అది ఉండాలి కదా. "ఒళ్లో పెట్టుకోక ఆ కుర్చీ ఏమిటి బాబూ" అన్నారు. యాభై కిలోమీటర్ల వేగంలో కారు దేనికైనా గుద్దుకుని ఆగితే, ఎంత ప్రేమ ఉన్న చేతులైనా బిడ్డను పట్టి ఉంచలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి అని ఒక సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టుతో గానీ పిల్లల సీటులో గానీ కట్టి ఉంచకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఎవరైనా కట్టగా నేను చూడలేదు. వెనక సీట్లో, బిడ్డ ముఖం కారు వెనక్కి ఉండేలా బిగించాలి. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో మాత్రం పెట్టకూడదు. డబ్బు పెట్టదలిస్తే దీనికి పెట్టండి, ఇంకా మిగిలితే మంచి దోమతెరకు పెట్టండి. వాకరుకు పెట్టకండి. మధ్యలో కూర్చోబెట్టి చక్రాల మీద దొర్లించే ఆ బండిని కెనడాలో 2004లోనే నిషేధించారు, పిల్లలు దాంతోపాటు మెట్ల మీంచి పడుతున్నారని. నిలబడి తోసుకుంటూ నడిచే మన మూడు చక్రాల చెక్కబండి వేరు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏ షీట్లోనూ లేనిది, ఏ దుకాణంలోనూ దొరకనిది: పాత పంచె.

ఇంట్లో ఎవరికైనా ఆరో నెల వచ్చిందని తెలియగానే మా నానమ్మ ట్రంకుపెట్టె తీసేది. అందులో తాతయ్య కట్టి కట్టి వదిలేసిన గ్లాస్కో పంచెలు. ముందు అంచు కోసేసేది, జరీ పసి ఒంటికి గీసుకుంటుందని. తర్వాత పళ్లతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగేది. పర్రుమని దారం వెంట తిన్నగా చిరిగేది. కత్తెరతో ఎంత జాగ్రత్తగా కోసినా అంత తిన్నగా రాదు. అంచులు మడిచి కుట్టనిచ్చేది కాదు, ఆ మడత ఒత్తుకుని ఎర్రగా కందుతుందని. వేలాడే పోగుల్ని మాత్రం ఒక్కొక్కటే పీకేసేది, కాలివేలికి చుట్టుకుంటే పిల్లాడు ఎందుకు ఏడుస్తున్నాడో ఎవరికీ అర్థం కాదని. దారమో వెంట్రుకో చుట్టుకుని వేలు వాచిన పసిపిల్లల్ని ఈనాటికీ డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. చింపిన ముక్కల్ని ఉడకేసి, నిప్పులాంటి ఎండలో ఆరేసి, మడతలు పెట్టేది. పెద్దవి పొత్తిళ్లకు, చిన్నవి కిందికి. పక్కలో రబ్బరు షీటు, దాని మీద పాత చీరలతో కుట్టిన బొంత, బొంత మీద పంచె ముక్క. అంతే సామగ్రి.

ఇందులో మహిమ ఏమీ లేదు. కొత్త నూలుబట్టలో నేతప్పటి గంజి ఉంటుంది. ఉతికినకొద్దీ గంజి వదిలి పోగు విచ్చుకుంటుంది, తడిని పీల్చుకోవడం నేర్చుకుంటుంది. అందుకే కొత్త పంచె నీటిబొట్టును కాసేపు పైనే నిలబెడుతుంది, పాతది ఇట్టే తాగేస్తుంది, ఇట్టే ఆరిపోతుంది. ఆ మెత్తదనం మగ్గం మీద రాదు. ఒక మనిషి కట్టుకుని తిరగాలి, ఇంకో మనిషి బండ మీద ఉతకాలి, అలా ఏళ్లు గడవాలి.

ఆ పంచెలు ఏమయ్యాయని మొన్న అమ్మకు ఫోన్ చేశాను. కాస్త ఆగి, "ఇడ్లీపాత్రకు వేసేశాన్రా" అంది.

పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ మా వీధికి వచ్చేది. నెత్తిన గంపలో తళతళలాడే గిన్నెలు, భుజాన మూట. గుమ్మంలో కూర్చుని ప్రతి గుడ్డనూ వెలుతురుకు ఎత్తి పట్టి చూసేది, రెండు చేతులా లాగి చూసేది, "చీకిపోయిందమ్మా" అని పక్కన పడేసేది. చివరికి పడేసినవి కూడా మూటలోకే వెళ్లేవి. మెత్తటి నూలు గుడ్డలకు మెకానిక్ షెడ్లలో గిరాకీ ఎక్కువ. మా తాతయ్య పంచెలు ఏ లారీ ఇంజను కిందో గ్రీజు తుడిచి ఉంటాయి. బదులుగా వచ్చిన ఇడ్లీపాత్ర ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. మూత సరిగ్గా పట్టదు. ఆవిరంతా పక్కనుంచి పోయి, కింది రేకులో ఇడ్లీ ఉడికేసరికి పై రేకులో ఇంకా పిండే. బేరంలో మూత పెట్టి చూసుకోవాలన్న జ్ఞానం ఎవరికీ లేకపోయింది. అన్నిటికన్నా మంట ఏమిటంటే, ఇడ్లీ రేకుకు అంటుకోకుండా రావాలంటే కింద తడిగుడ్డ పరవాలి. ఆ గుడ్డ పాత పంచెదైతేనే బాగుంటుంది. ఆ పాత్రలో ఇడ్లీ ఎప్పుడు తిన్నా నాకు పలుచగా ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

పంచె కట్టేవాళ్లే తగ్గిపోయారు, పాత పంచె ఎక్కడి నుంచి వస్తుంది? నాన్న ప్యాంట్లు వేశారు, నేను ట్రాక్ ప్యాంట్లు వేస్తున్నాను. పాలిస్టరు ఎంత పాతదైనా పసిబిడ్డకు పనికిరాదు. కట్టేవాళ్లు ఉన్నచోట ఇంకా నేస్తూనే ఉన్నారు, శ్రీకాకుళం జిల్లా పొందూరులో. అక్కడి సన్నఖద్దరు గురించి వినే ఉంటారు. కొండపత్తి తెస్తారు. వాలుగ చేప దవడ ఎముకతో, అవును, చేప దవడతోనే, దాని సన్నటి పళ్లతో పత్తిని దువ్వి నలకలన్నీ తీస్తారు. ఇనుప దువ్వెన ఏదీ ఆ పని అంత మెత్తగా చేయలేదట. అంతా ఆడవాళ్ల చేతి పని. దూది ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద నూరో నంబరు దాకా సన్నటి నూలు తీస్తారు. ఆ పంచె కొత్తదే పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండదు. దాన్ని ఒక పెద్దమనిషి ఇరవై ఏళ్లు కట్టి వదిలితే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ చేపను పట్టేవాళ్లు, ఆ పళ్లతో దువ్వడం తెలిసినవాళ్లు ఎంతమంది మిగిలారో, వాళ్ల కూతుళ్లు ఆ పనిలోకి వస్తున్నారో లేదో. రోజంతా వడికినా దక్కే కూలి కొద్దిపాటిదే, ఎందుకొస్తారు? పొందూరు వెళ్లి చూడాలని ఎప్పటి నుంచో ఉంది. ఆమదాలవలసలో రైలు దిగితే దగ్గరే. ఈ మే దాటితే ఇక కొన్నేళ్ల దాకా కుదరదు.

కనుక మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున, అటక మీద మూటలో, ఉతికి ఉతికి పలుచనైన నూలు పంచె ఏదైనా ఉంటే స్టీలు సామాన్లకు వేయకండి. చిరుగులున్నా పర్వాలేదు, ఎలాగూ చింపేవే. అంచు మేమే కోసుకుంటాం. ఒక్క కబురు పెడితే నేనే వచ్చి పట్టుకెళ్తాను. కావాలంటే ఇడ్లీపాత్ర ఇస్తాను, మూతతో సహా.