మధ్యలో మనిషి

న్యూయార్కులో గ్రాండ్ సెంట్రల్ స్టేషను. పొద్దస్తమానం జనం రైళ్ళ కోసం పరుగులు తీసే ఆ చోట, 1960లలో ఒక వింత గది ఉండేది. లోపల కుర్చీలు, స్పీకర్లు, సంగీతం. రైలుకింకా టైముందనుకున్నవాళ్ళు వచ్చి కూర్చుని వినేవారు. ఎవరూ దగ్గరికొచ్చి “ఏం కావాలి సార్” అనేవారు కాదు. మీరే వెళ్ళి అడిగినా లాభం లేదు, అక్కడ ఏదీ అమ్మరు. ఆ గది అకౌస్టిక్ రీసెర్చ్ అనే స్పీకర్ల కంపెనీది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉన్న కేంబ్రిడ్జిలోనూ ఇలాంటిదే ఒకటి పెట్టారు. విన్నారు, నచ్చింది, ఇక కొనాలంటే డీలరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

దుకాణంలాంటి గది తెరిచి ఏమీ అమ్మకపోవడమేమిటని వ్యాపారం తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు. ఫలితం చూస్తే నవ్వడానికి వీల్లేదు. 1960ల నడిమికి అమెరికాలో అమ్ముడయ్యే హైఫై స్పీకర్లలో దాదాపు మూడోవంతు ఆ కంపెనీవేనని లెక్క. నాకు నచ్చిన సంగతి ఆ లెక్క కాదు. డీలరు పనిని ఈ గది రెండు ముక్కలు చేసింది: వినిపించడం ఒకటి, అమ్మడం ఒకటి. రెండూ ఒకే మనిషి చేతిలో ఉంటే ఏమవుతుందో ఆ రోజుల్లో అక్కడ స్పీకర్లు కొనబోయినవాళ్ళకు బాగా తెలుసు.

డీలరు దుకాణంలో గోడనిండా స్పీకర్లు, వాటికో మీటల బోర్డు. ఒక మీట నొక్కితే ఒక జత పాడుతుంది, ఇంకోటి నొక్కితే ఇంకో జత. మట్టికుండను కూడా వేలితో కొట్టి మోత విని కొనే జాతి మనది, కాబట్టి ఈ ఏర్పాటు మనకు న్యాయంగానే కనిపిస్తుంది. కాకపోతే కుండను కొట్టేది మన వేలు; ఇక్కడ మీట మీద ఉన్నది అమ్మేవాడి వేలు. రెండిట్లో ఒక స్పీకరు రవ్వంత గట్టిగా పలికితే చాలు, చెవి దానికే ఓటేస్తుంది. గట్టిగా ఉందని అనదు, నిండుగా ఉందంటుంది. బెల్ లాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీని వెనకున్న సంగతి కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి ముందుగా జారిపోయేవి మంద్రస్వరాలు. పెంచితే అవి మళ్ళీ వచ్చి చేరతాయి. ఆ పత్రం చదవకుండానే సేల్స్‌మాన్‌కు ఈ సంగతి తెలుసు. ఏ పెట్టెను మూలకు జరిపితే బేస్ ఉబ్బుతుందో తెలుసు. ఏ మోడల్ అమ్మితే కంపెనీవాడు తన చేతిలో విడిగా నోటు పెడతాడో అది ఇంకా బాగా తెలుసు.

అందరూ ఇలాంటివాళ్ళేనంటే పాపం తగులుతుంది. ఆంప్లిఫయరును తనే కార్లో వేసుకుని మీ ఇంటికి తెచ్చి, శని ఆదివారాలు ఉంచుకోండి అని వదిలివెళ్ళే డీలర్లూ ఉండేవారు. రికార్డు మీద ముల్లు ఎంత బరువుతో ఆనాలో గ్రాముల్లో తూచి సరిచేసేవారు. స్పీకర్లలోంచి సన్నటి గుర్రుమనే చప్పుడు వస్తుంటే తీగలు ఒక్కొక్కటే పీకి చూసి ఎక్కడుందో పట్టుకునేవారు. వాళ్ళు పుచ్చుకున్న కమీషనుకు ఇంతకింత చాకిరీ చేసేవారు. చిక్కల్లా ఎక్కడంటే, ఆ చాకిరీకి విడిగా బిల్లు ఉండేది కాదు. అది వస్తువు ధరలోనే కలిసిపోయి ఉండేది.

ఆ బిల్లును విడదీసి చూపించినవాడు హెన్రీ క్లాస్. 1929లో పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో పుట్టాడు. ఎం.ఐ.టి.లో చేరి చదువు మధ్యలో వదిలేశాడు. చదువుకుంటున్నప్పుడే స్పీకర్లకు చెక్కపెట్టెలు చేసి పోస్టులో అమ్మేవాడు. అంటే ఆయన వ్యాపారం మొదలైందే డీలరు లేకుండా. సైన్యంలో పనిచేస్తూ న్యూయార్కు విశ్వవిద్యాలయంలో సాయంత్రం తరగతికి వెళ్ళాడు. అక్కడ పాఠం చెప్పే ఎడ్గార్ విల్చర్ దగ్గర ఒక ఆలోచన ఉంది: పెట్టెను గాలి పోకుండా బిగించేస్తే లోపలి గాలే స్ప్రింగులా పనిచేస్తుంది, అప్పుడు బీరువా అంత పెట్టె అక్కర్లేకుండానే లోతైన బేస్ వస్తుంది. గురుశిష్యులిద్దరూ కలిసి 1954లో పెట్టిన కంపెనీయే అకౌస్టిక్ రీసెర్చ్. ఇవాళ పుస్తకాల అరలో కూర్చునే స్పీకర్లకు దారి అక్కడే పడింది.

క్లాస్ ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. 1957లో బయటికొచ్చి ఇద్దరు మిత్రులతో కెఎల్‌హెచ్ పెట్టాడు. 1964లో దాన్ని కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ కొనేసింది. 1967లో అడ్వెంట్ మొదలెట్టాడు. ఆ తర్వాత పెద్ద తెర టీవీల మీదకు మళ్ళాడు. అప్పటిదాకా ఆయనకు పేరు తెచ్చిన స్పీకర్లన్నీ అమ్ముడైంది డీలర్ల దుకాణాల్లోనే. ఆయన వాళ్ళను బతికించాడు, వాళ్ళు ఆయన్ను బతికించారు.

ఈలోగా డీలర్ల కింద నేల కదిలింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఫెయిర్ ట్రేడ్ చట్టాలుండేవి. తయారీదారు ఒక ధర చెప్తే అంతకంటే తక్కువకు ఎవరూ అమ్మకూడదు. వినడానికి కొనేవాడి నోట్లో మట్టికొట్టే చట్టంలా ఉంటుంది. కానీ వినే గది కట్టించి, ఏసీ వేయించి, సంగీతం తెలిసిన కుర్రాళ్ళకు జీతాలిచ్చే దుకాణాన్ని కాసింది అదే. 1975లో ఫెడరల్ ప్రభుత్వం ఆ చట్టాలకు ఉన్న రక్షణ తీసేసింది. ఇక మంచి దుకాణంలో మధ్యాహ్నమంతా కూర్చుని విని, సాయంత్రం నాలుగు వీధుల అవతల చవక కొట్టులో కొనుక్కోవచ్చు. మొదటివాడు వినిపించే ఖర్చు భరిస్తాడు, రెండోవాడు బేరం దక్కించుకుంటాడు. ఇప్పుడు మనం చెప్పుల దుకాణంలో కొలత చూసుకుని ఇంటికెళ్ళి ఫోన్లో ఆర్డరు పెట్టడం కూడా ఆ కథే.

1988లో, దాదాపు అరవయ్యేళ్ళ వయసులో, క్లాస్ కేంబ్రిడ్జ్ సౌండ్‌వర్క్స్ పెట్టాడు. డీలర్లు లేరు. పత్రికల్లో ప్రకటన, పోస్టులో కేటలాగు, డబ్బు పడని ఫోన్ నంబరు. మొదటి సరుకు ఎన్‌సెంబుల్ అనే స్పీకర్ల సెట్టు: గోడవార పెట్టుకునే రెండు చిన్న పెట్టెలు, ఎక్కడో సోఫా వెనక దాచుకోదగ్గ రెండు బేస్ పెట్టెలు. ధర 500 డాలర్ల దగ్గర. నెల రోజులు ఇంట్లో వినండి, నచ్చకపోతే తిప్పి పంపండి, డబ్బు వాపసు.

హైఫై వ్యాపారంలో కొనేవాడిచ్చే ధరలో సుమారు 40 శాతం డీలరు దగ్గర ఆగుతుందన్నది ఆ రంగంలో అందరూ చెప్పుకునే మాట. వెయ్యి డాలర్ల స్పీకరు మీద తయారీదారుకు చేరేది ఆరు వందలు. అంచేత నేరుగా ఆరు వందలకే అమ్మేస్తే పోలేదా? పోలేదు. ప్రకటనలకు డబ్బు కావాలి. ఫోనెత్తి “మా హాలు ఇంత పొడుగు, అంత వెడల్పు, ఏది కొనమంటారు” అన్నవాడికి ఓపికగా జవాబు చెప్పే మనిషి కావాలి. తిరిగొచ్చిన పెట్టెల్ని విప్పి, పరీక్షించి, మళ్ళీ అమ్మాలి, అదీ తక్కువకు. డీలరును తీసేసినంత తేలిగ్గా డీలరు పని పోదు. అందులో కొంత కంపెనీ నెత్తికెత్తుకుంటుంది, మిగతాది చడీచప్పుడు లేకుండా కొనేవాడి భుజానికి మారుతుంది.

అలా మారిన పనుల్లో వినడం ఒకటి. ఆ మార్పు మంచిదేనని నా నమ్మకం. సెకనుకు 50 సార్లు కంపించే బేస్ స్వరం తీసుకోండి. గాల్లో దాని ఒక్క అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. మన అపార్టుమెంట్లలో హాలే నాలుగు మీటర్లుంటే గొప్ప. ఆ అల గోడకు తగిలి వెనక్కొచ్చి, వస్తున్న అలతో కలిసి, ఒక మూల బొంగురుగా మోగుతుంది, గది నడుమ బొత్తిగా మాయమవుతుంది. ఆ కింది స్వరాల దగ్గర మనం వినేది స్పీకరును ఎంతో గదినీ అంతే. డీలరు గదిలో గంటసేపు విని కొన్నవాడు డీలరు గది శబ్దాన్ని మెచ్చుకున్నాడు. దాన్ని మూటగట్టి ఇంటికి తెచ్చుకోలేడు కదా. నెల రోజులు మన గోడల మధ్య, మన ఫ్యాను చప్పుడులో, మన పక్కింటివాళ్ళు భరించే వాల్యూములో విన్నదే అసలు వినడం. ఇంట్లో ఆడవాళ్ళు “ఈ పెట్టెలు ఇక్కడే ఉంటాయా” అనే ప్రశ్న కూడా ఆ పరీక్షలో భాగమే, ఏ దుకాణంలోనూ ఎదురుకాని ప్రశ్న అది.

వాపసు సంగతి మాత్రం చెప్పినంత సులువు కాదు. అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ చెక్కుచెదరకుండా దాచాలి. మంచం కింద టీవీ అట్టపెట్టెను పదేళ్ళు దాచే మనవాళ్ళకు ఇది సమస్యే కాదనుకోండి. కానీ ముప్ఫై కిలోల స్పీకరును మళ్ళీ సర్ది, టేపు చుట్టి, కొన్ని కంపెనీల దగ్గర రవాణా ఖర్చు కూడా మనమే పెట్టుకుని పంపాలనేసరికి “బాగానే ఉందిలే” అనే సంతృప్తి దానంతటదే పుడుతుంది.

మినెసోటాలోని వైట్ బేర్ లేక్‌లో మాగ్నెపాన్ అనే కంపెనీ ఉంది. వాళ్ళ స్పీకర్లు పెట్టెల్లా ఉండవు, గదిని విడదీసే తెరల్లా పల్చగా నిలబడతాయి. వాళ్ళు కొంచెం తెలివైన దారి పట్టారు. తమ మోడళ్ళలో అన్నిటికన్నా చిన్నదాన్ని మాత్రం నేరుగా, చవగ్గా, ఇంటి పరీక్షకు గడువిచ్చి అమ్మారు. రుచి మరిగినవాడు పెద్దది కావాలంటే పాతదాన్ని మార్చుకోవచ్చు, ఆ పెద్దవి డీలరు దగ్గర ఉంటాయి. డీలరును వదలకుండానే అతని గుమ్మం దాకా కొత్త మనిషిని నడిపించుకొచ్చే ఏర్పాటు ఇది.

క్లాస్ కంపెనీ కథ ఇంకోలా నడిచింది. కేటలాగుతో మొదలైన కేంబ్రిడ్జ్ సౌండ్‌వర్క్స్ కొన్నేళ్ళకే సొంత దుకాణాలు తెరిచింది. జనం మళ్ళీ వచ్చి వినాలన్నారు! 1997లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ కంపెనీ దాన్ని కొంది, ఇప్పుడు ఆ దుకాణాలు లేవు. క్లాస్ 2002లో పోయాడు.

నేరుగా అమ్మేవాళ్ళకు ఈ దుకాణం మోజు మామూలే. కాలిఫోర్నియాలో 2010లో మొదలైన షీట్ ఆడియో వ్యవస్థాపకులు జేసన్ స్టాడర్డ్, మైక్ మోఫట్ ఇద్దరూ అంతకుముందు డీలర్ల మీద బతికే ఆడియో కంపెనీల్లో తలపండినవాళ్ళే. డీలర్ల జోలికి పోకుండా వందా రెండొందల డాలర్లకు మంచి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లు అమ్మి పేరు తెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు వాళ్ళూ ఒక దుకాణం తెరిచారు. జర్మనీలో ష్వేబిష్ గ్మూండ్ ఊళ్ళో నూబెర్ట్ అనే కంపెనీ నేరుగా అమ్ముతూనే వినే గదులు నడుపుతుంది. బోస్ కథ తిరగేసి నడిచింది. బెంగాలు నుంచి వలస వెళ్ళిన నోనీ గోపాల్ బోస్ కొడుకు అమర్ బోస్ పెట్టిన ఆ కంపెనీ, చిన్న వేవ్ రేడియోను పత్రికా ప్రకటనల మీద, పోస్టులో నేరుగా అమ్మింది. దేశదేశాల్లో దుకాణాలూ తెరిచింది. 2020లో ఉత్తర అమెరికా, ఐరోపా, జపాన్, ఆస్ట్రేలియాల్లో ఉన్న 119 దుకాణాలూ మూసేస్తామని ప్రకటించింది. మన దేశంలోవి ఉంచుతామంది. మనం ఇంకా పట్టుకుని చూసి కొనేవాళ్ళమని వాళ్ళ లెక్కల్లోనూ తేలిందేమో.

మనకు మాత్రం ఈ డీలరు లేని అమ్మకం చాలాకాలంగా ఒక రూపంలో అలవాటే. అమెరికాలో పిల్లలున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో హైఫై సామాను దిగేది సూట్‌కేసులో. ఇక్కణ్ణుంచి ఆవకాయ, అక్కణ్ణుంచి ఆంప్లిఫయరు, రెండింటికీ ఒకటే కొలత, పెట్టెకు 23 కిలోలు. ఇక్కడి దిగుమతిదారు ధర చూసి గుండె పట్టుకున్నవాడికి మేనల్లుడే డిస్ట్రిబ్యూటరు. కమీషను పుచ్చుకోడు, పైగా ఎయిర్‌పోర్టు నుంచి మోసుకొస్తాడు.

అయితే అసలు డిస్ట్రిబ్యూటరు ఎందుకున్నాడో తెలిసేది పెట్టె విప్పాక. చాలా కంపెనీల గ్యారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఏడాది తిరక్కుండా ఒక చానెల్ మూగబోతే ఇక్కడ అడిగేవాడు లేడు. దాన్ని తిరిగి పంపాలంటే మేనల్లుడు మళ్ళీ సెలవు మీద రావాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడిది 230. వెనక వోల్టేజి మార్చుకునే మీట లేని ఆంప్లిఫయరును తెలీక గోడ ప్లగ్గులో పెడితే సంగీతం కంటే ముందు పొగ వస్తుంది. మా ఇంటికి అలా వచ్చినదానికి అలాంటి మీట లేదని అదృష్టవశాత్తూ ముందే చూసుకున్నాం. డీలరు కమీషను మిగిలిందన్న సంతోషంతో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు అడిగాం. కొట్టాయన ముందు ఆంప్లిఫయరు ఎన్ని వాట్లు తాగుతుందని అడిగాడు, మేం చెప్పిన అంకెకు రెట్టింపు మోసేది తీశాడు, చిన్నది చాలదా అంటే ఎందుకు చాలదో కౌంటరు మీద కాగితం పెట్టి లెక్క వేసి చూపించాడు. ఏడాది గ్యారంటీ, చీటీ మీద సంతకం. ఆంప్లిఫయరు కన్నా ట్రాన్స్‌ఫార్మరే బరువు. ధర దగ్గర బేరమాడాం, ఓ యాభై తగ్గించాడు.