లోయ మీద నలభై రెండేళ్ల ఓపిక

వంతెన మధ్యకు రాగానే అమ్మలు పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంటారు. నాన్నలు కెమెరాలు తీస్తారు. పిల్లలేమో ఇనుప చువ్వల మధ్య నుంచి కిందికి చూసి ‘అమ్మో!’ అంటారు. దాదాపు 98 మీటర్ల లోతున సన్నటి నీటిపాయ... కొండ అంచున వేలాడుతున్నట్లు తెల్లటి ఇళ్లు. స్పెయిన్ దక్షిణాన, ఆండలూసియా ప్రాంతంలోని రోండాలో రోజూ కనిపించే దృశ్యమిది.

సముద్రమట్టానికి 700 మీటర్లకు పైగా ఎత్తున్న ఈ ఊరిని గ్వాదలెవీన్ నది రెండుగా చీల్చింది. ఒకవైపు మూర్‌లు ఏలిన పాతపట్నం, మరోవైపు ఆ తర్వాత పెరిగిన కొత్త పేట. రెంటినీ కలుపుతూ 1735లో ఒకే కమానుతో వంతెన కట్టారు. ఎనిమిది నెలల్లోనే పని పూర్తి! కానీ ఆ ముచ్చట ఆరేళ్లే. 1741లో అది కూలి 50 మంది దాకా చనిపోయారు.

మళ్లీ 1751లో మొదలుపెట్టారు. ఈసారి తొందరపడలేదు. లోయ అడుగు నుంచి రాయి మీద రాయి పేర్చుకుంటూ వచ్చారు. పూర్తయ్యేసరికి 1793. అంటే 42 ఏళ్లు! తాతలు మొదలుపెట్టిన వంతెనను మనవలు దాటారన్నమాట. చివర్లో పని నడిపిన వాస్తుశిల్పి మార్టిన్ దె అల్దెవేలా ఎగిరిపోతున్న టోపీని పట్టుకోబోయి లోయలో పడిపోయాడని ఓ కథ ప్రచారంలో ఉంది. నిజానికి ఆయన 1802లో మాలగా నగరంలో కన్నుమూశాడు. నడిమి కమాను పైనున్న గది ఒకప్పుడు జైలు. ఇప్పుడు అందులో వంతెన చరిత్ర చూపిస్తారు.

పాతపట్నంలో ‘మూర్ రాజు ఇల్లు’ అనే చోట కొండను తొలిచి నది దాకా చేసిన మెట్లదారి ఉంది. సుమారు 200 మెట్లు. శత్రువు చుట్టుముట్టినప్పుడు బానిసలు ఈ దారినే నీళ్లు మోసేవారట. 1485లో క్రైస్తవ సేనలు నీళ్లు అందకుండా చేయడంతో రోండా లొంగిపోయింది. ఉత్తచేతులతో ఎక్కినా ఆయాసం వచ్చే ఆ మెట్ల మీద, నీళ్ల బరువుతో ఎక్కినవాళ్లు గుర్తురాక మానరు.

కొత్త పేటలో 1785 నాటి ఎద్దులపోరు మైదానం ఉంది. రాతి స్తంభాల వరుసలు అందంగా ఉంటాయి. ‘మరి పోరు అయ్యాక ఎద్దు ఏమవుతుంది?’ అని పిల్లలు అడిగితే మాత్రం పెద్దలు నిజం చెప్పడానికి సిద్ధపడాలి.

మాలగా నుంచి రోడ్డు మీద సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్ల జోలికి పోకుండా, మైదానం పక్కనే ఉన్న అలమేదా పార్కులో చెట్ల నీడన కూర్చుని లోయ చూడొచ్చు. ఓపికున్నవాళ్లు కాలిబాట వెంట కొంత దిగి, వంతెనను కింది నుంచి చూడాలి. పైనుంచి లోయ లోతు తెలుస్తుంది. ఆ 42 ఏళ్లూ ఎక్కడికి పోయాయో కింది నుంచే తెలుస్తుంది.