నాన్న చొక్కా మీది దుమ్ము

విజయవాడలో ఆటోనగర్, పటమట, కానూరు, ప్రసాదంపాడు వైపు నుంచి పిల్లల్ని ఆస్పత్రికి తీసుకొచ్చే తల్లులు చెప్పుకునే బాధలు చాలావరకు ఒకే వరసలో ఉంటాయి. అన్నం ముట్టడు, కడుపునొప్పంటాడు, రెండు మూడు రోజులకోసారి గానీ మోషన్ అవదు, ఒక్కచోట కుదురుగా కూర్చోడు, నిన్న నేర్పింది ఇవాళ్టికి మరిచిపోతాడు, మట్టీ సున్నమూ నోట్లో పెట్టుకుంటాడు. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే పాలిపోయి ఉంటుంది. తల్లి చెప్పడం పూర్తికాకముందే పక్కనున్నవాళ్లు తీర్పు చెప్పేస్తారు: గారాబం ఎక్కువైంది, ఫోన్ చేతికిచ్చి పాడుచేసింది, పెంపకం చాతకాలేదు. ఇలాంటి పిల్లాడి విషయంలో డాక్టరు మొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. నాన్న ఏం పని చేస్తాడు, ఏ బట్టలతో ఇంటికి వస్తాడు? ఈ లక్షణాలన్నీ ఒక్కచోట కలిసినప్పుడు సీసం సంగతి తేలేదాకా పెంపకం మీద మాట తూలకూడదన్నదే నా వాదన.

1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టడం దగ్గర్నుంచి బోల్టు తిప్పడం దాకా దొరకని పని లేదు. ఈ పనుల్లో చాలావాటికి సీసంతో పొత్తు ఉంది. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. పాత బ్యాటరీ విప్పి ప్లేట్లు తీసేవాళ్ల చేతికి అంటే బూడిదరంగు పొడి అదే. పాత ఇత్తడి రేడియేటర్ లీకుకు వేసే సోల్డరింగ్‌లో అది ఉంటుంది. చక్రాలు బ్యాలెన్సింగ్ చేసేటప్పుడు కొట్టే ముక్కలు చాలాకాలం సీసపువే. ఇక రంగు సంగతి. పాత లారీ క్యాబిన్‌కు కొత్త రంగు వేసే ముందు పెయింటరు ఉప్పు కాగితంతో పాత పొరలు రుద్దుతాడు. పసుపు, నారింజ రంగులు మెరవడానికి సీసపు క్రోమేటు కలపడం పెయింట్ల తయారీలో పాత అలవాటు. రుద్దగా రాలిన పొడి ముంజేతి వెంట్రుకల్లో, గోళ్ల సందుల్లో, చొక్కా జేబు అంచుల్లో చేరుతుంది. ఆ చొక్కాతోనే అతను బండెక్కి ఇంటికొస్తాడు. గుమ్మంలోనే చంటివాడు ఎగిరి చంకనెక్కుతాడు. రోజంతా ఎండలో, షెడ్డు వేడిలో కష్టపడ్డ మనిషికి దక్కే మొదటి సుఖం అదే. చొక్కా దుమ్ము పిల్లాడి చేతికంటుకునేది కూడా ఆ క్షణంలోనే. ఆ చేయి నేరుగా నోట్లోకి పోతుంది.

పెద్దవాళ్ల కడుపులోకి పోయిన సీసంలో దాదాపు పదోవంతే ఒంటికి పడుతుంది. చంటిపిల్లల్లో అది సగం దాకా ఉండొచ్చు. రక్తహీనత ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇనుము కోసం అర్రులు చాచే పేగు సీసాన్ని కూడా లాక్కుంటుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తం తక్కువే. సీసం తిరిగి రక్తం తయారీనే అడ్డుకుంటుంది. అలా రక్తహీనత సీసాన్ని పిలుస్తుంది, సీసం రక్తహీనతను పెంచుతుంది. రక్తంలోంచి అది నెల రోజుల్లో సగానికి తగ్గినా, ఎముకల్లో దాక్కున్నది దశాబ్దాలు ఉంటుంది. ఆడపిల్లకు చిన్నప్పుడు చేరిన సీసం, ఆమె గర్భవతి అయినప్పుడు ఎముకల్లోంచి కరిగి కడుపులో బిడ్డను చేరగలదు. మెదడు మీద దాని దెబ్బ ఎంతో 2005లో ఏడు పరిశోధనల్లోని 1,333 మంది పిల్లల లెక్కలు కలిపి చూసిన అధ్యయనం తేల్చింది. డెసిలీటరు రక్తంలో సీసం 2.4 మైక్రోగ్రాముల నుంచి 10కి పెరిగేసరికి ఐక్యూ దాదాపు 4 పాయింట్లు తగ్గింది. 10 నుంచి 20కి పెరిగినప్పుడు తగ్గింది సుమారు 2 పాయింట్లే. అంటే తొలి చుక్కలే ఎక్కువ నష్టం చేస్తాయి. అందుకే 1960ల్లో 60 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదనుకున్న అమెరికా, 2021 నాటికి ఆ గీతను 3.5కి దించింది. ఇంతవరకు హాని లేదని చెప్పగల మోతాదే లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇది చెప్పగానే షెడ్డు మేస్త్రీలు అడిగే ప్రశ్న న్యాయమైనదే. మేమూ ఈ గ్రీజులోనే పెరిగాం, మాకేమైంది? దీనికి రెండు జవాబులున్నాయి. మన దేశంలో 2000 దాకా పెట్రోల్‌లోనే సీసం ఉండేది. అప్పుడు పెరిగిన తరంలో బందరు రోడ్డు పక్కన ఆడుకున్న పిల్లలందరి ఒంట్లోకీ అది ఎంతో కొంత చేరింది. అందరూ ఒకే నష్టంలో ఉన్నప్పుడు ఎవరికేం తగ్గిందో పోల్చి చూసుకునే వీలు ఉండదు. రెండోది, నాలుగు పాయింట్ల తెలివి పోవడం ఏ ఒక్కరిలోనూ కంటికి కనిపించదు. లెక్కల్లో బొటాబొటీగా గట్టెక్కాల్సిన కుర్రాడు తప్పుతాడు, బడి మానేస్తాడు, వాడికి చదువు రాలేదని ఇంట్లో అందరూ సరిపెట్టుకుంటారు. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వేసిన అంచనా ప్రకారం 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల మంది. వాళ్లలో 27 కోట్లకు పైగా మన దేశంలోనే ఉన్నారు. ఇంతమందిలో ఉన్నదాన్ని అరుదైన జబ్బుగా పక్కన పెట్టలేం.

రెండో అభ్యంతరం తోటి డాక్టర్ల నుంచి వస్తుంది. కడుపునొప్పికి నులిపురుగులు, అన్నం తినకపోవడానికి చిరుతిళ్లు, కుదురు లేకపోవడానికి ఫోను, నిద్రలేమి, వంశంలో ఉన్న గుణం, ఇలా వంద కారణాలుంటాయి, అన్నిటికీ సీసాన్నే తగిలిస్తే ఎలా అంటారు. తగిలించమని నేను అనడం లేదు, పరీక్షించమంటున్నాను. నులిపురుగులకు మాత్ర వేస్తాం, రక్తహీనతకు ఐరన్ సిరప్ రాస్తాం, ఆ రెండూ రాయాల్సినవే. ఐరన్ ఇచ్చినా రక్తం పెరగని పిల్లాడి తండ్రి బ్యాటరీ పనిలోనో పెయింటు పనిలోనో ఉంటే, ఒక్క రక్తపరీక్షతో సంగతి తేలిపోతుంది. 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెప్పింది. తండ్రి పని ఒక్కటే కారణమనుకోవడమూ తప్పే. కల్తీ పసుపు, నాసిరకం వంటపాత్రలు, కంటికి పెట్టే సుర్మా, గోడల పాత పెయింటు కూడా కారణాలు కావచ్చు, అవీ అడగాలి. ముందే ఎందుకు పట్టుకోవాలంటే, తర్వాత మందుతో సరిదిద్దలేం. ఒక మోస్తరుగా సీసం ఉన్న 780 మంది పిల్లల్లో కొందరికి దాన్ని బయటికి లాగే మందు ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనం 2001లో వెలువడింది. మందుతో రక్తంలో సీసం తగ్గింది గానీ తెలివితేటల్లో తేడా రాలేదు. 45 మైక్రోగ్రాములు దాటితే ఆ మందు తప్పదు. అంతకులోపు ఉన్న పిల్లలకు అసలు వైద్యం ఇంట్లోకి సీసం రాకుండా ఆపడమే.

ఆపడం పేదవాడికి అయ్యే పనేనా, ఉన్న జీవనోపాధి పోదా అన్నది మూడో ప్రశ్న. అన్నిట్లోకీ దీనికే ఎక్కువ మర్యాద ఇవ్వాలి. షెడ్డు మానేయమని చెప్పే డాక్టరు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించనట్టే. మానక్కర్లేదు. షెడ్డులోనే సబ్బుతో చేతులు, మోచేతులు, మొహం కడుక్కోవాలి. పని బట్టలు, చెప్పులు అక్కడే విప్పి వేరే జత వేసుకోవాలి. ఇంటికొచ్చాక స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. పని బట్టలు ఇంటికి తెస్తే పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకూడదు, దులపకూడదు. ఇల్లు పొడిచీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. పిల్లలకు గుడ్డు, పాలు, రాగిజావ, తోటకూర, మునగాకు పెడితే ఇనుము, కాల్షియం అంది సీసం ఒంటికి పట్టడం తగ్గుతుంది. అయితే ఈ భారమంతా కార్మికుడి మీద, అతని భార్య మీద మోపడం అన్యాయం. షెడ్డులో కుళాయి, సబ్బు, బట్టలు మార్చుకునే మరుగు ఉండాలి కదా. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, కడుక్కునే ఏర్పాట్లు చేయాల్సిన బాధ్యత యజమానిదని 42వ సెక్షన్లో, బట్టలు పెట్టుకునే చోటు ఉండేలా ప్రభుత్వం నిబంధనలు చేయొచ్చని 43వ సెక్షన్లో రాసింది. జబ్బుల జాబితా ఉన్న దాని మూడో షెడ్యూలులో మొట్టమొదట ఉన్న పేరు సీసం విషమే. కానీ కరెంటు వాడే చోట పదిమందైనా లేని షెడ్డు ఆ చట్టం కిందికే రాలేదు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న 2016 నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకొచ్చింది గానీ, పరిశ్రమల్లో వాడే రంగులు దాని బయటే ఉన్నాయి. చట్టం కార్మికుడి ఒంటిని కొంత పట్టించుకుంది. అతని ఇంట్లో పాకే బిడ్డ దాని కంటికి ఆనలేదు.

కాబట్టి చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. ఆటోనగర్ యజమానుల సంఘాలు వీధికొక చేతులు కడిగే చోటు, బట్టలు మార్చుకునే గది కట్టించాలి. చుట్టుపక్కల అంగన్‌వాడీల్లో బరువు, ఎత్తు చూసినట్టే, ఈ పనుల్లో ఉన్న ఇళ్ల పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా సీసం పరీక్ష చేయించాలి. పిల్లల డాక్టర్లు కేసు షీటులో తండ్రి పని ఏమిటో తప్పక రాయాలి. తండ్రులకు నేను చెప్పేది ఒక్కటే: మీ బిడ్డను ఎత్తుకోవడం మానకండి, ఎత్తుకునే ముందు స్నానం చేయండి. అత్తగార్లకు, ఇరుగుపొరుగుకు, టీచర్లకు కూడా ఒక మాట. కుదురులేని పిల్లాణ్ని చూడగానే వాడి తల్లిని నిందించకండి. ఆ రక్తంలో ఏముందో చూడకుండా ఆమె పెంపకాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, డాక్టర్లకు అసలే లేదు.