కడుపు చెప్పే సంగతి



ప్రార్థన అంశాలు చెప్పమంటే మన సంఘంలో మోకాళ్ల నొప్పులు, బీపీలు, కంటి ఆపరేషన్లు అందరూ లేచి నిలబడి చెబుతారు. కడుపు సంగతి మాత్రం ఎవరూ పైకి చెప్పరు. ఆరాధన అయిపోయి, చాపలు చుట్టేసి, పిల్లలు బయటికి పరుగెత్తాక, పక్కకు పిలిచి గొంతు తగ్గించి "అయ్యగారూ, నాలుగు రోజులైంది విరేచనం కాక" అంటారు. "పొట్టంతా బిగదీసుకుపోతోంది, అన్నం తిన్నదేమో పిడికెడే" అంటారు. ఈ మధ్య ఇలా చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. కారణం కనబడుతూనే ఉంది. షుగర్ అని, బరువు అని, పోలీసు సెలక్షన్లు అని ఊళ్లో చాలామంది తిండి తగ్గించి నడకలు, పరుగులు మొదలుపెట్టారు. పొద్దున ఐదింటికి కాలవ గట్టు మీద తిరునాళ్లలా ఉంటోంది.

నేనూ ఆ గుంపులోవాణ్ణే. పోయిన వేసవిలో ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ గారు నా బరువు చూశారు, 86 కిలోలు. షుగర్ కూడా గీత దాటింది. "పాస్టర్ గారూ, అన్నం సగానికి తగ్గించండి, రోజూ ముప్పావుగంట చురుగ్గా నడవండి" అన్నారు. అలాగే చేశాను. అన్నం తగ్గిన చోట పచ్చి క్యారెట్టు, క్యాబేజీ, మొలకెత్తిన శనగలు పళ్లెంలోకి వచ్చాయి. వారం తిరక్కముందే పొట్ట డప్పులా అయింది. పుల్లటి త్రేన్పులు. పొద్దున కూర్చుంటే కూర్చున్నట్టే. ఆదివారం వాక్యం చెబుతుంటే లోపల నుంచి ఇంకో ప్రసంగం. ముందు వరుసలో పిల్లలు నవ్వు ఆపుకోవడం చూశాను.

తక్కువ తింటే కడుపు తేలిగ్గా ఉండాలి కదా, ఈ ఉబ్బరం ఎక్కడిది? డాక్టరమ్మ గారిని ఇదే అడిగితే ఓపికగా చెప్పారు. అర్థమైనంత వరకు మీకూ చెబుతాను.

వండిన అన్నంలో సుమారు మూడింట రెండొంతులు నీళ్లే. అన్నం తగ్గిస్తే ఆ నీళ్లూ తగ్గుతాయి. పైగా మన ఇళ్లలో చారు, పులుసు, మజ్జిగ అన్నీ అన్నం వెంటే లోపలికి వెళ్తాయి. అన్నం పోతే అవీ పోతాయి. అదే సమయంలో నడకలో చెమట పట్టి ఇంకొంత నీరు పోతుంది. మిగిలిన కాస్తలో నుంచి పెద్దపేగు తనకు కావలసిన నీరు పీల్చేసుకుంటుంది, మలం గట్టిపడుతుంది. పేగు కదలడానికి లోపల కొంత పరిమాణం కూడా ఉండాలి. తిండి మరీ తగ్గితే జీర్ణాశయమే నెమ్మదిస్తుంది, తిన్న కొంచెమూ ఎక్కువసేపు అక్కడే ఉండిపోతుంది. అందుకే రెండు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది.

ఇక శనగలు, క్యాబేజీ. వాటిలో మన చిన్నపేగు అరిగించుకోలేని కొన్ని చక్కెరలు ఉంటాయి. అవి పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి. దోసెల పిండి రాత్రంతా పొంగినట్టే. ఆ పొంగే గ్యాస్. ఆ కూరలు చెడ్డవి కావు, మంచివే. నలభై ఏళ్లుగా తెల్లన్నానికి అలవాటుపడ్డ పేగుకు ఒక్కసారిగా ఇంత పీచు ఇస్తే సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతే.

మూడో సంగతి నాకు కొత్త. గట్టిగా నడిచినప్పుడు, ముఖ్యంగా పరుగెత్తినప్పుడు, రక్తం కాళ్ల కండరాల వైపు మళ్లుతుంది. పేగులకు వెళ్లేది బాగా తగ్గిపోతుంది. ఆ సమయంలో కడుపులో బరువైన తిండి ఉంటే వికారం, మెలిపెట్టే నొప్పి, ఒక్కోసారి దారిలోనే విరేచనానికి పరుగు.

మన సంఘంలో ఒక కుర్రాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడు. రాత్రి అన్నం పూర్తిగా మానేశాడు. పాలతో చేసిన ప్రొటీన్ పౌడర్ కలుపుకుని తాగి, వెంటనే గ్రౌండుకు వెళ్తున్నాడు. రెండో రౌండుకే పొట్ట పట్టుకుని కూర్చుంటున్నాడని వాళ్లమ్మ ఏడ్చింది. పెద్దయ్యాక చాలామందికి పాలలోని చక్కెర సరిగా అరగదు. ఆ పౌడర్లు కొన్నింటిలో అది ఉంటుంది. పిలిచి అడిగితే "ఓర్చుకుంటేనే కదా అయ్యగారూ, ఏదైనా వచ్చేది" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇది వాడి ఒక్కడి మాట కాదు, మన సంఘంలో చాలామంది మాట. ఉపవాసాలు చేసే జనం మనం. కడుపు నొప్పిని ఓర్చుకోవడం కూడా భక్తిలో భాగమని, ఎంత బాధపడితే అంత ఫలమని మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక తీసి చూడండి. నాలుగో అధ్యాయంలో దేహానికి చేసే సాధన వల్ల కొంత ప్రయోజనం ఉందని ఒప్పుకున్నవాడే, ఐదో అధ్యాయానికి వచ్చేసరికి తిమోతి కడుపు జబ్బు గురించి మాట్లాడతాడు. ఓర్చుకో నాయనా అని రాయలేదు. ఉట్టి నీళ్లు మానమని, ఆనాటి వైద్యం ప్రకారం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. (పత్రిక మొత్తంలో ఈ ఒక్క సంగతే గుర్తుపెట్టుకునే సహోదరులు మన ఊళ్లో ఉన్నారు. వాళ్లతో విడిగా మాట్లాడతాను.) సంఘాలను దిద్దే పత్రికలో ఒక యువసేవకుడి అజీర్తికి చోటు దొరికింది.

ఏలీయా సంగతీ అంతే. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్న మనిషిని దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి పెట్టాడు. నలభై రోజుల నడక దాని తరవాత.

నాకు పనిచేసినవి చెబుతాను. మొలకలు, క్యాబేజీ పచ్చివి మానేసి ఉడికించినవి తిన్నాను, అదీ మొదట రెండు చెంచాలతో మొదలుపెట్టి. మధ్యాహ్నం ఒక్కసారే తినే అన్నాన్ని రెండు పూటలకు పంచాను. చారు, పలచని మజ్జిగ మళ్లీ వచ్చాయి, అన్నం ఉన్నా లేకపోయినా గ్లాసుతో తాగుతున్నాను. చురుకు నడక పొద్దునకే ఉంచి, రాత్రి తిన్నాక వీధి చివరిదాకా మెల్లగా ఒక పావుగంట. మూడు వారాల్లో పొట్ట దారికొచ్చింది. బరువు నెలకు కిలో, కిలోన్నర చొప్పున దిగుతోంది. తొందర లేదు. వారానికే కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుందట. తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద పట్టేసే నొప్పి వస్తే గ్యాస్ అని సరిపెట్టుకోకండి. మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కనిపించినా, ముద్ద దిగకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకునేవాళ్లలో చాలామందికి ఆ మాత్ర వల్లే మొదట్లో ఉబ్బరం, విరేచనాలు ఉంటాయి. భోజనంతో పాటు వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. మొన్న సంక్రాంతి వెళ్లిన వారం పక్క ఊళ్లో ఒక పెద్దాయనను సమాధి చేసి వచ్చాను. బరువు తగ్గాలని రెండు నెలలుగా నడుస్తున్నారు. నడిచేటప్పుడు రొమ్ము మధ్యలో బరువుగా, మంటగా వచ్చేదట. ఆగితే తగ్గేదట. "తిండి తగ్గించాను కదా, గ్యాస్ పట్టింది" అని సోడా తాగి మళ్లీ నడిచేవారట. మూడు వారాలు అలా నడిచారు. ఇంట్లో అందరికీ తెలుసు, అందరూ గ్యాసే అనుకున్నారు.

గ్యాస్‌కి మీరు నడుస్తున్నారో కూర్చున్నారో తెలియదు. నడిస్తే వచ్చి ఆగితే పోయేది గుండె అయ్యుండవచ్చు. దవడకు, ఎడమ చేతికి, వీపుకు పాకినా, చల్లటి చెమట పట్టినా 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పే లేకుండా ఉట్టి ఆయాసంగా రావచ్చు. ఈసీజీ తీయడానికి కొన్ని నిమిషాలు చాలు. నాకు ఫోన్ చేసి ప్రార్థన చేయమని అడగండి, తప్పకుండా చేస్తాను, కానీ మీరు బండి ఎక్కాక చేయండి.

ఆ కుర్రాడు ఇప్పుడు పౌడర్ మానేశాడు. పరుగుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు తింటున్నాడు. రాత్రి వాళ్లమ్మ పెట్టిన అన్నం తింటున్నాడు. నాలుగు రౌండ్లూ ఆగకుండా పూర్తి చేశానని మొన్న చెప్పాడు, టైము ఇంకా కొంచెం తగ్గాలి.

శుక్రవారం ఉపవాస ప్రార్థన యథావిధిగా ఉంటుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు, తిని రండి. ప్రార్థన మధ్యలో చేతులు వణికినా, చెమటలు పట్టినా ఎవరికోసమూ ఆగకండి. వెనక బల్ల మీద మజ్జిగ కుండ, పక్కనే సీసాలో పంచదార పెట్టిస్తున్నాను.