కైసరు నాణెం మీద ఏడ్చే స్త్రీ



ఈ మధ్య ప్రసంగం కోసం బైబిలు నిఘంటువు తిరగేస్తుంటే ఒక రోమా నాణెం బొమ్మ కనిపించింది. క్రీ.శ. 70లో టైటస్ సైన్యం యెరూషలేమునూ దేవాలయాన్నీ నాశనం చేసింది. ఆ విజయాన్ని చాటుకోవడానికి అతని తండ్రి వెస్పాసియను చక్రవర్తి ఇలాంటి నాణేలు వేయించాడు. వీటిలో పెద్దది సెస్టర్షియస్. వాడుకలో కంచు నాణెం అంటారు గానీ నిజానికి అది ఇత్తడి.

ఒక వైపు ఆకుల కిరీటం పెట్టుకున్న కైసరు తల. రెండో వైపు మధ్యలో ఖర్జూరపు చెట్టు, అది యూదయ దేశానికి గుర్తు. దాని కింద చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చున్న స్త్రీ. ఆమెకు అవతల, కొన్ని నాణేల మీద చేతులు కట్టేసిన బందీ, కొన్నిటి మీద ఈటె పట్టుకుని నిలబడ్డ విజేత. చుట్టూ లాటిన్‌లో ‘యూదయా కాప్టా’ అని ఉంటుంది. అంటే యూదయ చెరపట్టబడింది అని. రొట్టె కొన్నా, నూనె కొన్నా ఆమె దుఃఖం చేతులు మారుతూనే ఉంది.

నేను పుస్తకం మూసేశాను. ఎందుకంటే అలాంటి బొమ్మ నేనూ తీశాను.

రెండేళ్ల క్రితం తుఫానుకు ఇల్లు కూలిన మన సంఘంలోని ఒక అక్క, వేపచెట్టు కింద అలాగే కూర్చుని ఉంది. సహాయం చేసేవారికి పంపాలని ఫోన్‌లో ఫొటో తీశాను. పక్కన బియ్యం మూటతో నిలబడి నేనూ ఒకటి తీయించుకున్నాను. నిలబడ్డవాణ్ని నేనే.

లూకా 19వ అధ్యాయం చూడండి. ఆ నాశనానికి సుమారు 40 ఏళ్ల ముందు అదే పట్టణాన్ని చూసి యేసు ఏడ్చాడు. కైసరు ఆమె కన్నీటిని నాణెం చేసుకున్నాడు. ప్రభువు తన కన్నీరు ఇచ్చాడు.

నిన్న ఆ అక్క దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, “ఫొటో తీసినందుకు కాదు అయ్యగారూ, ఆ రోజు ప్రార్థన చెయ్యకుండా వెళ్లిపోయారు” అంది.

ఆమె పక్కనే అరుగు మీద కూర్చుని ప్రార్థన చేశాం. ఆమె ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాను.

ఈ వారం మీరు ఎవరికైనా సహాయం చేస్తే, ముందు వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. ప్రభువు మీకు తోడుగా ఉండును గాక. ఆమేన్.